వెక్టర్ రూపచిత్రకళ: ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ సినిమా ప్రచారంలో

మనిషి ముఖాన్ని వంపుగీతలుగా, వాటి మధ్య నింపిన రంగులుగా విడదీసి, చూసినవాళ్లు ఫొటో అని భ్రమపడేంత సహజంగా కంప్యూటర్‌లో గీసే పద్ధతిని వెక్టర్ రూపచిత్రకళ అంటారు. కెమెరా తీసిన ఫొటోలో లక్షల పిక్సెళ్లుంటాయి. వెక్టర్ బొమ్మలో పిక్సెల్ ఉండదు. ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ఆగాలో చెప్పే లెక్కలే ఉంటాయి. అందుకే తపాలా బిళ్లంత తీసినా, థియేటర్ ముందు కటౌటంత తీసినా అంచు చెదరదు. అడోబీ ఇలస్ట్రేటర్, కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్, అఫినిటీ డిజైనర్ దీనికి వాడే ప్రధాన సాఫ్ట్‌వేర్లు.

హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, వాటిని ఆనుకుని ఉన్న శ్రీనగర్ కాలనీ, కృష్ణానగర్ తెలుగు సినిమా ప్రచారానికి కేంద్రాలు. ఇక్కడ ఈ కళకు ఒక ప్రత్యేకమైన పరీక్ష ఉంది. ఊరూపేరూ తెలియని ముఖాన్ని గీస్తే చర్మం మెరుపు చూసి మెచ్చుకుంటారు. సినిమా హీరో ముఖం గీస్తే ముందు పోలిక చూస్తారు. ఆ ముఖం అభిమానికి అరచేతి గీతలకన్నా బాగా తెలుసు. కనుబొమ తోక వెంట్రుకవాసి పైకి లేచినా, పైపెదవి వంపు కాస్త తగ్గినా ‘మా అన్నలా లేడు’ అని తీర్పు వచ్చేస్తుంది. కాబట్టి ఇక్కడ సహజత్వం పోలిక తర్వాతి మాట. పోలిక లేని ముఖానికి ఎన్ని ఛాయలు అద్దినా ఉపయోగం లేదు.

పూర్వరంగం

పరిశ్రమ మద్రాసులో ఉన్న కాలంలో పోస్టరు మీద ముఖాన్ని చేత్తోనే వేసేవారు. స్టిల్ ఫొటో ముందు పెట్టుకుని డిజైనర్ బొమ్మ వేస్తే, లిథో ప్రెస్సువారు దాన్ని రంగుకో పలకగా విడదీసి ఒకదాని మీద ఒకటి అద్దేవారు. బుగ్గ మీది నీడ నిజానికి ఒకే నీడ కాదనీ, పసుపు, ఎరుపు, నీలం పొరలు ఎక్కడెక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తేల్చుకోవాల్సిన విషయమనీ ఆ పనివాళ్లకు చేతులకే తెలుసు. నేటి వెక్టర్ కళాకారుడు తెరమీద చేస్తున్నది సరిగ్గా ఆ తేల్చుకోవడమే.

ఆ తరంలో ప్రముఖుడు ఈశ్వర్. పూర్తి పేరు కొసనా ఈశ్వరరావు, స్వస్థలం పాలకొల్లు. మద్రాసులో పోస్టర్ డిజైనర్ కేతా దగ్గర పని నేర్చుకుని 1967లో ‘సాక్షి’తో స్వతంత్ర డిజైనరయ్యారు. బాపు దర్శకుడిగా తీసిన తొలి సినిమా కూడా అదే. అక్కణ్నుంచి 2000లో వచ్చిన ‘దేవుళ్లు’ దాకా రెండు వేలకు పైగా సినిమాలకు ప్రచార చిత్రాలు రూపొందించారు. ‘సినిమా పోస్టర్’ పేరుతో పుస్తకం రాశారు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకే ప్రకటించారు. ఎక్కువగా నటులకు, దర్శకులకు, నిర్మాతలకు దక్కే ఆ గౌరవం పోస్టర్లు వేసే చేతికి దక్కడం గుర్తుంచుకోదగ్గది. ఆయన 2021 సెప్టెంబరులో చెన్నైలో కన్నుమూశారు.

దర్శకుడే కాక చిత్రకారుడు కూడా అయిన బాపు గీత ఈ కథలో మరో పాయ. ఈశ్వర్‌ది రంగు, ఛాయ. బాపుది గీత. మందం మారుతూ సాగే ఒక్క సిరా గీతతో ముక్కు, బుగ్గ, జడ వచ్చేసేవి. ఇలస్ట్రేటర్‌లో గీత మందాన్ని మధ్యమధ్య పెంచి తగ్గించే విడ్త్ టూల్ 2010లో వచ్చిన సీఎస్5 దాకా లేదు. అంతకుముందు అలాంటి గీత కావాలంటే బ్రష్షులతో సర్దుకోవాలి, లేదా దాని రెండు అంచులనూ విడివిడిగా గీసి మధ్యలో రంగు నింపాలి.

ఇక హైదరాబాదుకొస్తే, అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో ప్రారంభమైంది. తర్వాతి రెండు దశాబ్దాల్లో స్టూడియోలు, నిర్మాణ సంస్థల ఆఫీసులు, ఫిల్మ్ ఛాంబర్ జూబ్లీహిల్స్ గుట్టల మీద స్థిరపడ్డాయి. ప్రచారం పని మాత్రం అంత తొందరగా రాలేదు. డిజైనర్లు చెన్నైలో, ఆఫ్‌సెట్ ముద్రణ శివకాశిలో ఉండటమే కారణం. కంప్యూటరు, ఆ వెనుకే ఫ్లెక్సు యంత్రం వచ్చాక ఆ ముడి వీడింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల ముందు గళ్లు కొట్టి చేత్తో పెంచి వేసే ప్లైవుడ్ కటౌట్లు కూడా అప్పుడే తగ్గుముఖం పట్టాయి.

వంపు వెనుక లెక్క

వెక్టర్ గీతకు ప్రాణం బెజియర్ వంపు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959 ప్రాంతంలో, రెనో కంపెనీలో పియెర్ బెజియర్ 1960లలో కారు బాడీ వంపుల కోసం దీన్ని ఎవరికి వారే రూపొందించారు. దాని గణితానికి మూలం 1912లో రష్యన్ గణితవేత్త సెర్గీ బెర్న్‌స్టీన్ ఇచ్చిన బహుపదులు. ఒక్కో వంపుకు నాలుగు బిందువులు చాలు: రెండు కొనలు, వాటిని లాగే రెండు హ్యాండిళ్లు. 1984లో అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ ఈ వంపులను ముద్రణ భాషలోకి తెచ్చింది. 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కెనడాకు చెందిన కోరెల్‌డ్రా వచ్చాయి. కారు తలుపు కోసం పుట్టిన లెక్కతోనే మనవాళ్లు హీరో దవడ గీస్తున్నారు.

తెలుగు నేలమీద కోరెల్‌డ్రాదే రాజ్యం అయింది. పెళ్లి శుభలేఖ, ఫ్లెక్సు, కరపత్రం పనుల్లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో అది కలిసిపోయింది. అందుకే ఫిల్మ్‌నగర్‌లో ఇలస్ట్రేటర్‌తో గీసిన ముఖమైనా జిల్లా కేంద్రంలోని ఫ్లెక్సు షాపుకు చేరేసరికి కోరెల్‌డ్రా వాడే సీడీఆర్ ఫైలు కావాల్సి వస్తుంది. అక్కడ పాత వెర్షన్ ఉంటే ఫైలు తెరుచుకోదు. తెరుచుకున్నా అక్షరాలను ముందే కర్వ్స్‌లోకి, అంటే గీతల ఆకారాల్లోకి, మార్చకపోతే హీరో పేరు చైనా భాషలా కనబడుతుంది. ఈ రంగంలో కొత్తవాళ్లు మొదట నేర్చుకునే పాఠాల్లో ఇదొకటి.

ముఖం కట్టే క్రమం

పని మంచి స్టిల్‌తో మొదలవుతుంది. వెలుగు ఒక పక్కనుంచి పడి, ముక్కు నీడ బుగ్గ మీదికి వాలిన ఫొటో అయితే సగం పని అయినట్టే. ఫ్లాష్ నేరుగా కొట్టిన ఫొటోలో ముఖం చదునుగా ఉంటుంది. అందులో గీయడానికి ఆకారాలే దొరకవు. ఫొటోను అడుగు లేయర్‌లో పెట్టి లాక్ చేసి, పైన పెన్ టూల్‌తో గీత కడతారు.

ఇక్కడ అందరూ చేసే తప్పు, యాంకర్ పాయింట్లు ఎక్కువ పెట్టడం. పాయింటు పెట్టిన ప్రతిచోటా వంపు ఎంతో కొంత తడబడుతుంది. దవడ గీతకు ఇరవై పాయింట్లు పెట్టినవాడికన్నా ఐదు పెట్టినవాడి గీత నునుపుగా వస్తుంది. వంపు దిశ మారే కొసల్లో మాత్రమే పాయింటు పెట్టి, హ్యాండిల్‌ను ఆ వంపు పొడవులో మూడో వంతు దగ్గర ఆపడం అనుభవజ్ఞుల పద్ధతి. ఇది నియమం కాదు, చేతి లెక్క.

తర్వాత ఛాయలు. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది మెట్ల పద్ధతి: ముఖాన్ని ఐదారు వెలుగు స్థాయులుగా విడదీసి, ఒక్కో స్థాయికి ఒక్కో ఆకారం కత్తిరించి ఒకదానిమీద ఒకటి పేర్చడం. దగ్గరికెళ్లి చూస్తే ముక్కలు కనిపిస్తాయి, దూరం జరిగితే ముఖం నిలుస్తుంది. రెండోది గ్రేడియెంట్ మెష్. ఆకారం మీద వలలాంటి గీతలు పరిచి, ప్రతి కూడలిలో ఒక రంగు పెడితే మధ్యలో రంగులు వాటంతటవే కలిసిపోతాయి. 1998లో ఇలస్ట్రేటర్ 8తో ఇది వచ్చింది. కోరెల్‌డ్రా మరుసటి ఏడాది తన 9వ వెర్షన్‌లో మెష్ ఫిల్ పెట్టింది. జపాన్‌కు చెందిన యుకియో మియమోటో మెష్‌తో గీసిన బొమ్మలు చూసి ఇవి ఫొటోలు కావంటే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మెష్‌తో వచ్చే నునుపు ముచ్చటగానే ఉంటుంది కానీ, తెలుగు ముఖాలకు అది అన్నిచోట్లా నప్పదు. బుగ్గకు, నుదుటికి, మెడకు మెష్ సరిపోతుంది. కంటికి, పెదవి అంచుకు, ముక్కు రంధ్రానికి మెట్ల పద్ధతే మేలు. ఆ చోట్ల ప్రకృతే గట్టి అంచులు ఇచ్చింది, వాటిని కరిగిస్తే ముఖం మైనపు బొమ్మ అవుతుంది. ఈ రెండు పద్ధతులనూ ఎక్కడ కలపాలో తెలిసినవాడే నేర్పరి. సాఫ్ట్‌వేర్ ఏదన్నది ఆ తర్వాతి సంగతి.

చామనఛాయ చర్మం రంగు మరో చిక్కు. విదేశీ పాఠాల్లో ఇచ్చే గులాబీ వన్నె అంకెలు పెడితే మన హీరో జ్వరం వచ్చినవాడిలా కనిపిస్తాడు. ముద్రణ రంగుల్లో పసుపు మజెంటాకన్నా కొంచెం ఎక్కువగా, నీలం వాటిలో మూడో వంతుకు అటూఇటూగా ఉంచడం ఇక్కడి చర్మానికి కుదిరే లెక్క. నీడ ముదరాలంటే నలుపు పోయకుండా నీలం పెంచాలి. నలుపు పోసిన నీడ ఫ్లెక్సు మీద మసిలా అంటుతుంది. చెవి అంచు దగ్గర మాత్రం కాస్త ఎరుపు ఎక్కించాలి. వెలుగు చెవి గుండా దూసుకొచ్చే చోటది. చాలామంది దాన్ని వదిలేస్తారు.

పాత నలుపు తెలుపు స్టిల్ నుంచి రంగుల ముఖం గీయాలంటే రంగులన్నీ ఊహించుకోవాల్సిందే. 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చినప్పుడు, ఎన్టీఆర్ కృష్ణుడి మేని రంగు ఇదేనా అని ఎవరి మనసులోని రంగును వాళ్లు పోల్చిచూసుకున్నారు. వెక్టర్ కళాకారుడికి ఎదురయ్యే ప్రశ్నా అదే. పౌరాణిక పాత్రలకు ఒక సౌలభ్యం ఉంది. మేకప్ మందంగా ఉండటంతో చర్మం ముందే నునుపుగా ఉంటుంది, మెష్‌కు ఇట్టే లొంగుతుంది. కిరీటంలో ఒక రాయి, హారంలో ఒక ముత్యం గీసి బ్లెండ్ టూల్‌తో గీత వెంట వరసగా పరిస్తే నగలన్నీ వచ్చేస్తాయి.

జుట్టులో వెంట్రుకలు లెక్కపెట్టకూడదు. ముందు పాయలుగా పెద్ద ఆకారాలు గీసి, వెలుగు తగిలే చోట కొన్ని సన్నగీతలు, అంచున ఎగిరే నాలుగైదు వెంట్రుకలు చాలు. గడ్డం మాత్రం వెక్టర్‌కు పరమ శత్రువు. 2021 నాటి ‘పుష్ప’ తర్వాత మాసిన గడ్డం లేని హీరో కనిపించడం అరుదైంది. పెన్ టూల్ పట్టినవాళ్లకు ఆ ఫ్యాషన్ అదనపు రాత్రిళ్లు మిగిల్చింది. నల్లటి ఆకారం పెడితే పెయింటు పూసినట్టుంటుంది, వెంట్రుక వెంట్రుకా గీస్తే ఫైలు కదలదు. నాలుగు రకాల పొట్టి వెంట్రుకలు గీసి, వాటిని స్కాటర్ బ్రష్‌గా మార్చి, కింద పలుచని బూడిదరంగు ఛాయ వేసి, పైన చల్లడం ప్రస్తుతానికి నడిచే ఉపాయం.

కళ్లను ఆఖరున గీసేవాళ్లున్నారు, మొదట గీసేవాళ్లున్నారు. మొదటే గీయడం మంచిది. కంటి మెరుపు చుక్క, పైరెప్ప కింద పడే నీడ కుదిరితే పోలిక వచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది. కుదరకపోతే మిగతా శ్రమ ఆదా.

రేడియం షాపులో ముఖం

గ్రేడియెంట్లు, మెష్‌లు లేని వెక్టర్ ముఖాలే తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది కళ్లబడేవి. ఆటో వెనుక అద్దం మీద, లారీ క్యాబిన్ పైన, బైకు పెట్రోలు ట్యాంకు మీద ఉండే ఎన్టీఆర్, చిరంజీవి, పవన్ కల్యాణ్ ముఖాలను రేడియం షాపులో ప్లాటర్ యంత్రం కత్తిరిస్తుంది. ఆ యంత్రానికి ఉన్నది ఒక చిన్న కత్తి. వెక్టర్ గీత ఎటు పోతే కత్తి అటు పోతుంది. ఛాయ అనే మాట దానికి తెలియదు. ఉంటే రంగు ఉంటుంది, లేకపోతే అద్దం ఉంటుంది.

ఒకే రంగులో ముఖం నిలబెట్టడం అన్నిటికన్నా కష్టమైన వెక్టర్ పని. బుగ్గ అంచును గీయరు. జుట్టు, కనుబొమలు, కళ్లు, మీసం, ముక్కు కింది నీడ, గడ్డం కింది నీడ మాత్రమే పెడతారు. మిగిలిన ముఖాన్ని చూసేవాడి కన్ను పూరించుకుంటుంది. రెండు మిల్లీమీటర్లకన్నా సన్నని కొసలు ఎండకు, వానకు ఊడిపోతాయి కాబట్టి గీతలు లావుగానే ఉండాలి. విడివిడి ముక్కలను స్థానం చెదరకుండా అతికించడానికి ట్రాన్స్‌ఫర్ టేపు వాడతారు. అదే బొమ్మను గోడ మీద స్టెన్సిల్‌గా కొట్టాలంటే ముక్కలన్నిటినీ సన్నని వంతెనలతో కలపాలి, లేకపోతే కంటి గుడ్డు జారి కింద పడుతుంది. 1960లో ఆల్బెర్టో కోర్డా తీసిన ఫొటో నుంచి ఐర్లండ్ కళాకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ 1968లో చేసిన చే గెవారా బొమ్మ ప్రపంచమంతా తిరిగింది ఒకే రంగులో ముఖం నిలిపే ఈ సూత్రం బలంతోనే. మన ఆటోల మీద చే కూడా తరచుగా కనిపిస్తాడు, చాలాసార్లు పవన్ కల్యాణ్ పక్కనే.

కొలత, కటౌటు

ఎంత పెంచినా పగలదన్నది వెక్టర్‌కు ఉన్న ప్రసిద్ధి. కానీ ఫ్లెక్సు విషయంలో ఆ గొప్ప కొంచెం అతిశయోక్తి. 2024 డిసెంబరులో ‘గేమ్ ఛేంజర్’ కోసం విజయవాడలో నిలిపిన రామ్‌చరణ్ కటౌటు ఎత్తు 256 అడుగులు, అంటే 3,072 అంగుళాలు. అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున ఫైలు చేస్తే నిలువునే 2,21,184 పిక్సెళ్లవుతాయి. ఫొటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు పరిమితి 30,000. అయితే అంత ఎత్తు బొమ్మను ఎవరూ అడుగు దూరం నుంచి చూడరు. అంగుళానికి పది పిక్సెళ్లున్నా రోడ్డు మీదివాడికి తేడా తెలియదు. పైగా ఫ్లెక్సును పట్టీలుగా కొట్టి అతుకుతారు, ఏ ఒక్క ఫైలూ అంత పెద్దదిగా ఉండనక్కర్లేదు. ఇలస్ట్రేటర్‌కూ చాలాకాలం 227 అంగుళాల హద్దు ఉండేది. దాటాలంటే పదో వంతు కొలతలో గీసి ముద్రణలో పెంచేవారు.

కాబట్టి ఫిల్మ్‌నగర్ పోస్టర్లలో ఎక్కువ ముఖాలు ఫొటోషూట్ ఫొటోలే, ఫొటోషాప్‌లో తీర్చినవే. టైటిల్ అక్షరాలు మాత్రం వెక్టర్. ఆ టైటిలే పోస్టరు మీదా, తెర మీదా, యూట్యూబ్ వీడియో మూలలోనూ, టోపీ మీదా రావాలి మరి. ముఖం వెక్టర్‌గా అవసరమయ్యేది వేరేచోట్ల: హీరో రూపం పూర్తిగా బయటపెట్టని ప్రీలుక్, కదిలే మోషన్ పోస్టరు, టీషర్టుల స్క్రీన్ ప్రింటింగ్, లేజర్‌తో కోసే చెక్క జ్ఞాపికలు. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ ఖర్చు. నాలుగు రంగుల్లో ముఖం నిలిపినవాడు నిర్మాతకు డబ్బు మిగిల్చినట్టే.

అభిమానుల డీపీలు

హీరో పుట్టినరోజుకు అభిమానులంతా ఒకే ప్రొఫైల్ బొమ్మ పెట్టుకునే కామన్ డీపీ ఆచారంతో ఈ కళ ఆఫీసుల నుంచి హాస్టల్ గదులకు చేరింది. వీటిని గీసేవాళ్లలో చాలామందికి చేతిలో ఉన్నది ఫోనే. వేలితోనో చవకరకం స్టైలస్‌తోనో గీస్తారు. ‘వెక్టర్ ఆర్ట్’ అని పేరు పెట్టి పంచే బొమ్మల్లో చాలావాటికి వెక్టర్‌తో సంబంధం లేదు. ఫొటో మీద స్మడ్జ్ బ్రష్ రుద్ది చర్మాన్ని నూనె రాసినట్టు మెరిపించినవి అవి. పెద్దది చేస్తే పగిలిపోతాయి. వెక్టర్‌లా గట్టి అంచులతో పిక్సెళ్లలోనే గీసే వెక్సెల్ అనే మధ్యస్థ రకం ఇంకోటుంది. ఇండోనేషియా కళాకారుడు వెధా అబ్దుల్ రషీద్ ప్రచారంలోకి తెచ్చిన, తిన్నని గీతలతో ముఖాన్ని రంగురంగుల పలకలుగా కోసే పద్ధతికి కూడా అభిమానులున్నారు. దానిలో ఒక్క వంపూ ఉండదు, అయినా పోలిక దొరుకుతుంది. పోలిక నునుపులో లేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

యంత్రం గీసే ముఖం

ఫొటో ఇస్తే వెక్టర్ చేసిపెట్టే లైవ్ ట్రేస్ ఇలస్ట్రేటర్‌లో 2005లో, పవర్‌ట్రేస్ కోరెల్‌డ్రాలో 2006లో వచ్చాయి. లోగోలకు అవి బాగానే పనికొస్తాయి. ముఖానికి వచ్చేసరికి యంత్రానికి ఏది ముఖ్యమో తెలియదు. వాట్సాప్‌లో నలిగొచ్చిన ఫొటోలోని మచ్చనూ, కంటి మెరుపునూ ఒకే శ్రద్ధతో గీస్తుంది. వేల పాయింట్లు వస్తాయి, ఏదీ దిద్దడానికి పనికిరాదు. మాట చెబితే వెక్టర్ బొమ్మ ఇచ్చే సౌకర్యాన్ని అడోబీ 2023లో ఇలస్ట్రేటర్‌లో చేర్చింది. గుర్తులకు, నేపథ్యాలకు అది వేగంగా పనిచేస్తుంది. అందరికీ కంఠతా తెలిసిన హీరో ముఖం అడిగితే మాత్రం ఆ హీరో అన్నదమ్ముడిలాంటివాణ్ని ఇస్తుంది.

హక్కులు

ఫొటోను ఆధారం చేసుకుని గీసిన వెక్టర్ ముఖం పూర్తిగా గీసినవాడి సొత్తు కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ఫొటోనూ కళాకృతిగానే పరిగణిస్తుంది. 2008లో ఒబామా ఎన్నికల ప్రచారంలో ప్రసిద్ధమైన షెపర్డ్ ఫేరీ ‘హోప్’ పోస్టరు అసోసియేటెడ్ ప్రెస్ ఫొటో ఆధారంగా గీసింది. ఆ వివాదం కోర్టుకెక్కి 2011లో రాజీతో ముగిసింది. సినిమా స్టిల్ హక్కు సాధారణంగా నిర్మాణ సంస్థది.

ముఖం మీద హక్కు వేరే సంగతి. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నారు. టీషర్టుల మీద ముఖాలు అమ్మడం కూడా ఈ తగాదాల్లో ఉంది. అభిమాని తన డీపీ కోసం గీసుకున్న బొమ్మకూ, అదే బొమ్మను చొక్కాల మీద అచ్చేసి అమ్మే దుకాణానికీ మధ్య గీత ఇప్పుడు కోర్టులు గీస్తున్నాయి. అందుకే ప్రచార సంస్థలకు పనిచేసే కళాకారులు స్టిల్ ఎవరిచ్చారో, ఏ వాడకానికి ఇచ్చారో రాతపూర్వకంగా తీసుకుని, మూల ఫైలును తమ దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టాలి. ఆ ఫైలులోని లేయర్లే బొమ్మను ఎవరు గీశారో చెప్పే తొలి సాక్ష్యం.